అడవిలో నమ్మదగిన తోడు : కెన్నెత్ ఆండర్సన్ జీవిత సంగ్రహము



మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధపురుషుని జీవితమును వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను ఏ కవినో ఏ దేశభక్తునో ఎన్నుకొందునని వారు తలచియుందురు. నేను ఎన్నుకొన్నది ఒక వేటకానిని. వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు తప్ప అడవి అన్నది కంటికానరాని తణుకు సీమలో, పులులవెంట తిరిగిన దొర చరిత్ర మనకేల అని కొందరికి తోచవచ్చును. కనుక కారణమును ముందుగా విన్నవించుకొందును.

గత సంక్రాంతి పండుగకు, అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మన యూరి యువకుడొకడు ఇంటికి వచ్చియుండెను. ఒక సాయంకాలము గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండి, బాబాయిగారూ అని నన్ను పలకరించి, ఒక చిక్కుప్రశ్న వేసెను. ఆ దేశపు కొండలలో ప్యూమా అను మృగము కలదు. దానిని వారు కొండసింహమందురు గాని, దానికి జూలు లేదు, పిల్లిజాతిలోని పెద్దజంతువు. దానిని వేటాడగోరువారికి గుఱ్ఱములు, వేటకుక్కలు, గుడారములు సమకూర్చి, దారిచూపి తీసికొనిపోవువారు అక్కడ ఉన్నారు. అది వారికి జీవనోపాధి. అందుకు వేలకొలది డాలర్లు పుచ్చుకొందురు. ఇతని స్నేహితుడొకడు అట్టి వేటకు పోదలచి, ఎవరిని నమ్మవలెనో తెలియక తికమక పడుచున్నాడట. ఎన్నడును చూడని కొండలోనికి, ఎన్నడును ఎరుగని మనుష్యుని వెంట, ముందుగా సొమ్ము చెల్లించి పోవలెను. వాడు సత్యవంతుడో కాడో పోకముందే తెలియుట యెట్లు? నలుబది యేండ్లకు చేరువగా లెక్కలు వ్రాసినవాడను, పదిమంది మాటలను కాగితముమీద పరీక్షించినవాడను కదా, సమాధానము చెప్పుమని ఆ కుఱ్ఱవాడు నన్ను కోరెను.

ఆనాడు నాకు సమాధానము తోచలేదు. ఇంటికి పోవుచుండగా మన గ్రంథాలయపు బీరువాలోని ఆండర్సన్ పుస్తకములు జ్ఞాపకమునకు వచ్చినవి. వాటిని ముప్పది సంవత్సరముల వయస్సులో, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని చదివినవాడను. ఆయన కథలలో పులికన్న నన్ను ఎక్కువగా ఆకర్షించినది, ఆయన పులివద్దకు ఎవరివెంట పోయెనన్నదే. కుఱ్ఱవానికి చెప్పలేకపోయిన సమాధానమును ఈ జీవితము ద్వారా చెప్ప యత్నించెదను.

మన సాహిత్యమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అల్లసాని పెద్దనగారి మనుచరిత్రమున ప్రవరుడు హిమాలయమును చూడగోరి, సిద్ధుడు ఇచ్చిన పాదలేపమును పూసికొని క్షణములో అక్కడికి చేరెను. మంచునీరు తగిలి లేపనము కరగిపోగా, తిరుగు దారి లేక తల్లడిల్లెను. పోవు ఉపాయము చెప్పిన సిద్ధుడు, వచ్చు ఉపాయమునకు కలుగబోవు విఘ్నమును చెప్పలేదు. అతడు మోసగాడని నేననను. కాని తోడ్కొనిపోవువాని పరీక్ష అంతయు అక్కడనే ఉన్నది. చేర్చుటకు శక్తి చాలును. క్షేమముగా మరల్చుటకు మాత్రము శక్తితోపాటు సత్యమును కావలెను.

ఇక కథానాయకుని చరిత్ర. కెన్నెత్ డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్ 1910వ సంవత్సరమున మార్చి 8వ తేదీన, మన తెలుగునేలమీదనే, సికింద్రాబాదునకు చేరువనున్న బొల్లారములో జన్మించెను. ఆ వంశము స్కాట్లండునుండి వచ్చి, ఆరు తరములుగా భారతదేశముననే స్థిరపడినది. తండ్రి సైనికుల జీతముల లెక్కలు చూచు శాఖలో అధికారి. అనగా నావలెనే అంకెలతో పనిగలవాడని చెప్పుకొని నేను కొంత సంతోషించుచుందును. బాలుని విద్యాభ్యాసము బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను జరిగెను. న్యాయశాస్త్రము చదువుటకై ఎడింబరో నగరమునకు పంపిరి. ఆ చదువు ఆయన మనస్సునకు పట్టలేదు. మధ్యలోనే విడిచి తిరిగివచ్చెను. ఆ తరువాత తంతితపాలా శాఖలో పదునైదు సంవత్సరములు పనిచేసి, పిమ్మట బెంగుళూరులోని విమాన కర్మాగారమున మేనేజరు హోదాలో ఉద్యోగించెను.

ఇంతవరకు చూచిన ఇది ఒక ఉద్యోగి జీవితమే. కాని సెలవు దొరికినంతనే ఆయన కారెక్కి అడవికి పోవుచుండెను. అప్పుడప్పుడు తుపాకియైన లేక, ఒంటరిగా, వనమును చూచి ఆనందించుటకే పోయెడివాడు. కన్నడమును అరవమును ధారాళముగా మాటలాడెడివాడు. అడవిపల్లె ప్రజలతో దుబాసీ అక్కరలేక మాటలాడగలుగుట ఆయనకు కలిగిన పెద్ద లాభము. నడుమ మాట మార్చువాడు లేనప్పుడు ఎదుటివాని సత్యాసత్యములు కొంతవరకు కంఠములోనే తెలిసిపోవును.

ఆ కాలపు వేట పద్ధతిని కొంచెము చెప్పవలెను. రక్షిత అరణ్యములను భాగములుగా విభజించి, ఒక్కొక్క దానిని బ్లాకు అని పిలిచి, రుసుము పుచ్చుకొని, ఇన్నిదినములకని అటవీశాఖవారు పర్మిట్టు ఇచ్చెడివారు. నరభక్షకమని ప్రభుత్వము ప్రకటించిన మృగమును వధించుటకు వేటకాండ్రను ఆహ్వానించెడివారు. స్వాతంత్ర్యానంతరము విదేశీయుల కొరకై శికారు కంపెనీలు కూడ వెలసినవి. విమానమునుండి దిగినది మొదలు తోలు పదునుచేయించి ఓడకెక్కించువరకు సమస్తమును వారే చూచెడివారు. సొమ్మిచ్చిన దొరకు పులి దొరకకున్న కంపెనీకి చెడ్డపేరు. కావున తప్పక చూపెదమను వాగ్దానము వ్యాపారములో భాగమైనది.

ఈ వాగ్దానము ఎంత దూరము పోగలదో చూపుటకు అమెరికా చరిత్రలో ఒక సంఘటన కలదు. 1902వ సంవత్సరమున అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు మిసిసిపీ రాష్ట్రమునకు ఎలుగుబంటి వేటకు పోయెను. దారిచూపినవాడు హోల్ట్ కాలియర్, బానిసగా పుట్టి తరువాత స్వేచ్ఛ పొందిన నల్లజాతి వేటకాడు, ఆ ప్రాంతమునకెల్ల మేటి. ఎలుగు దొరికినప్పుడు అధ్యక్షుడు దగ్గర లేడు. కాలియర్ ప్రాణములకు తెగించి, దానిని చంపక, పట్టి చెట్టునకు కట్టివేసెను. రూజ్వెల్టు వచ్చి, కట్టివేసిన జంతువును కాల్చుట తగదని నిరాకరించెను. కాలియర్ శౌర్యమునందు లోపము లేదు. కాని అతిథికి మృగమును చూపియే తీరవలెనన్న పట్టుదల మృగమును చెట్టునకు కట్టువరకు వచ్చునని ఈ కథవలన తెలియుచున్నది.

ఆండర్సన్ కంపెనీల జోలికి పోలేదు. ఆయన ఎన్నుకొన్న తోడు చూచువారికి ఆశ్చర్యము కలిగించునట్టిది. తమిళదేశమున నాటి సేలము జిల్లాలో, కావేరికి ఉపనదియైన చిన్నారు ఒడ్డున, ముత్తూరు ప్రాంతమున, బైరా అను పూజారి తెగవాడు ఉండెను. గోచి తప్ప వేరు బట్ట లేదు. ఇల్లు లేదు, ఏటి గట్టున తవ్విన బొరియయే ఆలుబిడ్డలతో అతని నివాసము. ఆండర్సన్ అతనిని మొదట చూచినప్పుడు, అతడు నాటుతుపాకి చేతబట్టి దొంగవేట సాగించుచుండెను. పట్టి అధికారుల కప్పగించుట చట్టము. ఆండర్సన్ అట్లు చేయక మాటలాడెను. ఆనాడు మొదలైన స్నేహము ఇరువదియేండ్లకు మించి సాగినది. రెండవవాడు పెన్నాగరమునకు చెందిన రంగా. బండి తోలుట వృత్తి. ఇతనికిని దొంగవేట అలవాటే. ఈ ఇరువురి పేర్లు ఆయన గ్రంథములలో పదేపదే వచ్చును.

చట్టముదృష్టిలో నేరస్థులైన ఈ మనుష్యులయందు ఆయన ఏమి చూచెను? ఆయన కథలన్నిటిని కలిపి నేను ఖాతా వేసికొన్నాను. ఒకటి, వారు జాడను చదువగలరు. ఇసుకమీద పడిన అడుగు రాత్రిదా తెల్లవారుజాముదా, మగదా ఆడుదా, కుంటుచున్నదా అన్నది వారికి అక్షరమువలె స్పష్టము. రెండు, తెలియనిదానిని తెలియదనుటకు వెనుదీయరు. మూడు, ప్రమాదము వచ్చినప్పుడు వెంట ఉందురు. నాలుగు, వేట కుదరనినాడు తిరిగిపోదమని చెప్పుటకు భయపడరు. ఐదు, అడవిలో వారికి బ్రతుకున్నది; కావున అడవి విషయమున అబద్ధమాడిన ముందుగా నష్టపోవువారు వారే.

ఈ గుణములు ఎందుకు ప్రాణావసరములో చెప్పెదను. పులి కాని చిరుత కాని పశువును చంపినప్పుడు, దగ్గరి చెట్టుమీద మంచె కట్టి రాత్రియంతయు కూర్చుందురు. మంచె కట్టునప్పుడు చేసిన చప్పుడు, తెగనరికిన కొమ్మ, మరచిపోయిన ఆకు మృగమునకు హెచ్చరిక. కట్టించినవాడు సోమరియైన పైన కూర్చున్నవాడు వ్యర్థముగా జాగరము చేయును. అంతకన్న భయంకరమైనది గాయపడిన మృగమును వెదకుట. గుండు తగిలి పొదలోనికి పోయిన చిరుతను విడిచిపెట్టరాదు. విడిచిన మరునాడు కట్టెలకు పోవు ఆడుదానిమీద పడును. రక్తపు చుక్కలవెంట అడుగులో అడుగు వేయుచు పోవలెను. వేటకాడు ఎదుటికే చూడవలెను. నేలమీది జాడను చూచువాడు రెండవవాడు. నేలచూపు చూచువాడు తన ప్రాణమును తుపాకి పట్టినవానికి, తుపాకి పట్టినవాడు తన దారిని వానికి అప్పగింతురు. ఇట్టి నమ్మకమును రసీదు వ్రాసి కొనలేము.

తెలియదను మాట విలువ నాకును ఒకమారు అనుభవమైనది. యౌవనమున ఇరువురు మిత్రులతో పక్షులను చూచుటకై కొల్లేటికి పోయితిని. పడవవాడొకడు ఎన్నడు చూడనన్ని పక్షులను చూపెదనని ముందుగానే సొమ్ము పుచ్చుకొని, గుఱ్ఱపుడెక్కలోను కిక్కిసగడ్డిలోను త్రిప్పి త్రిప్పి, ప్రొద్దుగ్రుంకువేళకు దారి తప్పెను. తప్పితినని ఒప్పుకొనడు, ఇదే దారి, ఇదే దారి అనుచునే ఇంకను లోనికి తీసికొనిపోయెను. చివరకు దోనెలో వలలు వేసికొని వచ్చుచున్న ఒక ముసలి జాలరి కనబడెను. ఆ ప్రక్క కాలువ నాకు తెలియదు బాబూ, ఈ ఒక్క దారియే తెలియును, వెన్నెల వచ్చువరకు ఆగుడు అని చెప్పెను. ఆగితిమి. ఒడ్డుకు చేర్చెను. ఇచ్చినదానిలో సగము తిరిగి ఇచ్చివేసెను. అన్నియు తెలియునన్నవాడు మమ్ములను ముంచబోయెను; ఒక్కటే తెలియునన్నవాడు గట్టెక్కించెను.

ఆండర్సన్ చరిత్రలో ఒక కుక్క కూడ ఈ కోవలోనిదే. గుమ్మళాపురము అను గ్రామ పరిసరములలో ఒక చిరుత నలువదియిద్దరిని చంపినది. ఇండ్ల తడికలు చించి, పైకప్పులు త్రోసి లోనికి వచ్చుచుండెను. ప్రజలు ప్రొద్దుగ్రుంకకముందే తలుపులు బిగించుకొనెడివారు. ఆండర్సన్ అక్కడ రాత్రులు కాపు కూర్చుండెను. ఒక వీధికుక్కయే, చీకటిలో ఆయన చెవికి వినరాని మృగపు రాకను పసిగట్టి తెలియజేసినది. చిరుత చచ్చినది. ఆయన ఆ కుక్కను విడువక, నిప్పరని పేరిడి, బెంగుళూరునకు తీసికొనిపోయి పెంచుకొనెను. వీధికుక్కను ఇంటి జీవిగా చేసికొనిన ఈ పని, ఆయన తోడువారిని ఎట్లు చూచెనో చెప్పుచున్నది.

మన తెలుగు అడవులకును ఆయనకును సంబంధము కలదు. నాటి చిత్తూరు మండలమున భాకరాపేట, రంగంపేటల నడుమనున్న చామల లోయలోని నరభక్షకమును గూర్చియు, రేణిగుంట దాటిన పిదప కడప మార్గమున రైలుస్టేషను గల మామండూరు పులిని గూర్చియు ఆయన కథలు వ్రాసెను. ఆ ప్రాంతమునకు శ్రీకాళహస్తి ఎంతయో దూరము కాదు. బోయ తిన్నడు వేటాడిన మాంసమును శివునకు నివేదించి, కన్నులిచ్చి కన్నప్పయైన కథను ధూర్జటి మహాకవి కావ్యముగా రచించిన నేల అది. నాగరికులు తిన్నని అనాచారిగా చూచిరి. శివుడు భక్తుని చూచెను. బైరాను చూచుటలో ఆండర్సన్ కొంత శివదృష్టి కలవాడయ్యెనని నాకు తోచును. ఆ చామల, మామండూరు అడవులు 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానమున చేరినవి.

జమ వ్రాసినవాడు ఖర్చును దాచరాదు. ప్రభుత్వపు లెక్క ప్రకారము 1939 మొదలు 1966 వరకు ఆయన చంపిన నరభక్షకములు ఎనిమిది చిరుతలు, ఏడు పులులు. ఇంతకన్న ఎక్కువయని చెప్పుకొనువారును కలరు. మైసూరు ప్రాంతమున పండ్రెండుగురినైన చంపిన ఒక ఎలుగును కూడ ఆయనయే వధించెను. వీటివలన పల్లెలకు కలిగిన మేలు గొప్పది. అయినను ఆయన తానే పలుమార్లు చెప్పిన సత్యమొకటి కలదు: పులియు చిరుతయు స్వభావముచేత నరభక్షకములు కావు, పెక్కింటిని అట్లు చేసినది అజాగ్రత్తగా కాల్చి, గాయపరచి, వెదకక విడిచిన మనుష్యుడే. ఆ గాయములు చేయు నాటుతుపాకులు ఎవరివి? బైరా, రంగాల వంటివారివే. అట్టి తుపాకి పట్టినవానినే నమ్మకమైన తోడుగా ఎన్నుకొనుట ఎట్లు సమర్థనీయము? ఈ ప్రశ్న నన్ను చాలకాలము బాధించినది. మనుష్యుడు ఒక్కటే ఖాతాగా ఉండడని తుదకు సమాధానపడితిని. ఆకలికి దుప్పిని దొంగిలించినవాడు మిత్రుని పులినోట విడువక పోవచ్చును. పర్మిట్టు జేబులో గలవాడు మొదటి గాండ్రింపునకే పారిపోవచ్చును. అయినను లైసెన్సు వ్యర్థమని నేననను. అది వాకిలి, వాకిలి దాటిన తరువాత మనిషిని చూడవలెను.

వయస్సు మళ్లినకొలది ఆండర్సన్ చేతిలో తుపాకి బదులు కెమెరా నిలిచెను. అడవి తరిగిపోవుటను, మృగములు నశించుటను తన కన్నులార చూచి, వాటి రక్షణను గూర్చి దక్షిణదేశమున ముందుగా గొంతెత్తినవారిలో ఒకడయ్యెను. మొదటి గ్రంథము, తొమ్మిది నరభక్షకములను, ఒక మదపుటేనుగును పేరులో చేర్చుకొన్నది, 1954లో వెలువడెను. ఆపై దాదాపు రెండు మూడేండ్లకొక గ్రంథము వచ్చెను. 1970లో పులివేట నిషేధింపబడెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1973లో పులుల రక్షణ ప్రణాళిక ఆరంభమయ్యెను. వీటినన్నిటిని చూచి, 1974వ సంవత్సరమున ఆగస్టు 30వ తేదీన, పుట్టకురుపు వ్యాధితో ఆయన కాలధర్మము నొందెను. చివరి గ్రంథము ఆయన మరణానంతరము 1976లో వెలువడినది.

ఇక అమెరికా కుఱ్ఱవానికి బాకీపడిన సమాధానము. నాయనా, మన దేశమున ఈ వేట ముగిసినది, ముగియుట మంచిదే. కాలిఫోర్నియా ప్రజలును 1990లో ఓటు వేసి కొండసింహపు వేటను మాన్పించిరి. చంపనొల్లని నీవు నీ స్నేహితునికి కెమెరాను చూపిన నేను సంతోషింతును. అతడు పోయియే తీరుదునన్నచో, ముందుగా ఆ రాష్ట్రము ఇచ్చిన అనుమతిపత్రమును చూడుమనుము. క్రిందటి యేడు అతనితో పోయి మృగము దొరకక తిరిగివచ్చినవాని నొకనిని వెదకి మాటలాడుమనుము. దొరికినవాని పొగడ్త సులభము, దొరకనివాని తృప్తి సాక్ష్యము. కుక్కలు తరిమి చెట్టెక్కించిన మృగము ఆడుదైనచో, పిల్లలు గలదైనచో ఏమిచేయుదువని అడుగుమనుము. పిల్లలు వెంటనున్న తల్లిని చంపరాదని అక్కడ చాల రాష్ట్రములలో చట్టమున్నది. తుపాకి దించి తిరిగివత్తుమని తడబడక చెప్పినవాడు తగినవాడు. తప్పక చంపింతునని మాట ఇచ్చువానికి నమస్కారము పెట్టి లేచి రమ్మనుము.

ఈ సమాధానమును నేను అడవిలో నేర్వలేదు. నేను అడవిని చూచినవాడను కాను. ఊరిమధ్య ఈ చిన్న పెంకుటింటిలో, ఇరువదియైదేండ్లుగా సాయంకాలము దీపము వెలిగించి తలుపు తెరచు మన గ్రంథాలయములో నేర్చితిని. బైరాకు అక్షరము రాదు. అయినను ఆండర్సన్ అతని పేరు వ్రాసినందున, చిన్నారు ఒడ్డున బొరియలో బ్రతికిన ఆ మనుష్యుని గోదావరి కాలువల ఒడ్డున మనము స్మరించుచున్నాము. తనకు దారి చూపినవాని పేరు మరువక వ్రాసియుంచుట ఆండర్సన్ చేసిన పనులలో పులులను చంపుటకన్న మిన్న యని నా అభిప్రాయము. ఆ గ్రంథములు బీరువాలోనే ఉన్నవి. చందాదారులు తీసికొని చదివి, గడువులోపల మరల ఇచ్చివేయ ప్రార్థన.